మీలో భార్య ఎవరు?

తెల్లవాళ్ల ఏలుబడిలో ఉన్న దీవిలో, షావ్‌కీవాన్ రేవులో పెళ్లికూతుళ్లకు తలదువ్వే మోక్ సామ్‌ముయికి, తన పెళ్లినాడు తలదువ్విన వాళ్లు లేరు. తనే దువ్వుకుంది. చెక్కపొట్టు నానబెట్టిన జిగురునీళ్లు రాసి, ఒక్క వెంట్రుక కూడా లేవకుండా వెనక్కి లాగి, ముడి బిగించి, పెట్టెలోంచి అద్దం తీసి చూసుకుంది. గుమ్మంలో నిలబడి ఉన్న కామ్ తాక్‌హింగ్ నవ్వి, "అచ్చం ఇల్లాలిలా ఉన్నావు" అన్నాడు. ఆ మాటతోనే పెళ్లి అయిపోయిందనుకుంది సామ్‌ముయి.

తాక్‌హింగ్‌ది పడవల పని. పలకల సందుల్లో నార కూరి, సున్నమూ నూనే కలిపిన ముద్ద పూసేవాడు. అతని ఊరు తుంగ్‌కూన్ జిల్లాలో ఎక్కడో లోపల ఉంది. ఏటా కొత్త సంవత్సరానికి వెళ్లి వచ్చేవాడు. నన్నూ తీసుకెళ్లమని సామ్‌ముయి అడిగితే, "మా అమ్మకు పడవమీద పుట్టినవాళ్లంటే గిట్టదు. నిన్ను గడప తొక్కనివ్వదు" అనేవాడు. సామ్‌ముయి పడవమీద పుట్టిన మాట నిజమే. ఒడ్డువాళ్లకు తమంటే చులకన అన్నదీ నిజమే. అందుకని నమ్మింది.

నమ్మింది కాని, అసూయ మానలేదు. ఆమె అసూయ రేవంతటికీ తెలుసు. చేపలమ్మే మనిషి తాక్‌హింగ్‌కు రెండు రొయ్యలు ఎక్కువ వేసిందని ఆ కొట్టు మొహం చూడటం మానేసింది. అతను దారిలో ఎవరికి పలకరింపుగా తల ఊపాడో, ఎవరి మాటకు నవ్వాడో ఆమెకు గుర్తుండేది. అతను పనిచేసే పడవల షెడ్డు మేస్త్రి భార్య, అందరూ మేస్త్రమ్మ అనే మనిషి, "తాక్‌హింగ్ సముద్రంలో పడ్డాడని చెబితే, సముద్రం ఆడదా మగదా అని అడుగుతుంది ముందు మన సామ్‌ముయి" అని నవ్వేది.

సామ్‌ముయి కూడా నవ్వేది. కాని ఆమె పనికి అదే ఆధారం. పెళ్లికూతురి తలమీద ఇల్లాలి చెయ్యే పడాలి. విధవ చెయ్యి పనికిరాదు. రెండో భార్య చెయ్యి అసలు పనికిరాదు, వచ్చే పిల్ల కూడా రెండోదే అవుతుందని భయం. "మా ఆయన" అని సామ్‌ముయి నిండుగా అనగలిగినన్నాళ్లే రేవులో పెళ్లిళ్లు ఆమెవి.

ఒక ఏడు తాక్‌హింగ్ ఊరినుంచి చావు గుర్తుగా జడలో తెల్లదారం అల్లుకుని వచ్చాడు. తల్లి పోయిందన్నాడు. ఎన్నడూ చూడని అత్తగారి కోసం సామ్‌ముయి ఏడ్చింది. ఇక నన్ను గడప తొక్కనివ్వని వాళ్లు లేరు కదా అని లోపల కొంచెం సంతోషించింది కూడా.

ఆ వేసవిలోనే అతన్ని పట్టుకుపోయారు.

సముద్రం అవతలి కాంటన్ అధికారుల మనుషులు ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని దీవికి వచ్చారు. ఇతని పేరు తాక్‌హింగ్ కాదనీ, హో సై అనీ, కొత్త సంవత్సరం రోజుల్లో పులినోరు అనే జలసంధి దగ్గర ఉప్పు పడవను దోచి సరంగును చంపినవాడు ఇతనేననీ చెప్పారు. తమకు అప్పగించమన్నారు. కాంటన్‌కు అప్పగిస్తే ఏమవుతుందో రేవులో చిన్నపిల్లలకూ తెలుసు. అక్కడ విచారణకంటే కత్తి ముందు వస్తుంది.

అయితే దీవిమీద తెల్లవాళ్ల చట్టం ఒకటుంది. ఎవరినైనా అప్పగించాలంటే ముందు మేజిస్ట్రేటు విని, ఆ మనిషి ఆ మనిషేనని తేల్చాలి. అప్పటి మేజిస్ట్రేటును జనం గడ్డం దొర అనేవాళ్లు. చాలా ఏళ్లుగా ఇక్కడే ఉన్నవాడు, మన మాట సగం అర్థమయ్యేది. మిగిలిన సగం దుబాసీ యూగారు చెప్పేవారు.

మొదటి విచారణలో సామ్‌ముయి వెళ్లి నిలబడింది. నేను అతని భార్యను, అతను హో సై కాదు అంది. కొత్త సంవత్సరం రోజుల్లో అతను ఎక్కడున్నాడని అడిగారు. ఊళ్లో, తల్లి శవపేటిక మోశాడు అంది. నువ్వు చూశావా అన్నారు. చూడలేదు అంది. కాంటన్ తరపు వకీలు తల పంకించి కూర్చున్నాడు.

"ఊరినుంచి ఎవరినైనా రప్పించు. తల్లి శవపేటిక మోశాడంటున్నావుగా, చూసినవాళ్లు ఉంటారు" అన్నారు దుబాసీ యూగారు బయటికి వచ్చాక.

మేస్త్రి చేత ఊరికి కబురు పెట్టించింది సామ్‌ముయే. ఎవరైనా సరే, చుట్టమైనా పక్కింటివాడైనా వచ్చి మా ఆయన్ను ఎరుగుదునని చెప్పమంది.

వచ్చినామె పేరు లోషీ. పొడుగాటి మనిషి, పొలంపనితో పగిలిన చేతులు, తలలో తెల్లదారం. బోనులో నిలబడి తడబడకుండా చెప్పింది. "ఆయన నా పెనిమిటి. పేరు కామ్ తాక్‌హింగ్. పండగకు ఇంటికి వచ్చాడు. ఆ రోజుల్లోనే మా అత్తగారు పోయింది. పేటిక ముందు కొస ఆయనే మోశాడు. సమాధి మీద మట్టి ఎండేదాకా కదల్లేదు."

తాక్‌హింగ్ తల వంచుకున్నాడు. కోర్టులో ఉన్న రేవు జనమంతా తలలు తిప్పి సామ్‌ముయినే చూశారు.

సామ్‌ముయికి ఒళ్లంతా కారం రాసినట్టయింది. ఆ ఆడమనిషి తన మొగుణ్ణి బతికించే మాట చెబుతోందని బుద్ధికి తెలుస్తూనే ఉంది. చెవులకు మాత్రం 'నా పెనిమిటి' అన్న ఒక్క మాటే వినిపిస్తోంది.

విరామంలో జైలువాడి చేతులు తడిపి, కటకటాల దగ్గరికి వెళ్లింది.

"పెళ్లయిందని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఉండేదానివా?"

"ఉండేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు" అన్నాడు తాక్‌హింగ్. కటకటాలు పట్టుకుని, "నన్ను తిట్టుకో. ఆమెను ఏమీ అనకు, చాలా దూరం నడిచి వచ్చింది" అన్నాడు.

ఆ రెండో మాట అనకపోతే బాగుండేది. నడిచి వచ్చిందట. నేను ఇన్నాళ్లూ నడిచినదంతా లెక్కలోకి రాలేదా అనుకుంటూ సామ్‌ముయి విసురుగా వరండాలోకి వచ్చింది. లోషీ అక్కడే మెట్టుమీద కూర్చుని ఎండిన చిలగడదుంప ముక్కలు నములుతోంది.

"నువ్వేనా ఆ తలదువ్వేదానివి?" అంది లోషీ, తల ఎత్తకుండానే.

"నువ్వేనా పెళ్లాన్నని చెప్పుకునేదానివి?"

"చెప్పుకోవడం ఎందుకమ్మా. ఊరంతా చూస్తుండగా ఎర్ర పల్లకీ దిగాను."

"దిగాక ఆయన మొహం ఎన్నిసార్లు చూశావు? ఏడాదికి ఒక పండక్కి?"

లోషీ నమలడం ఆపింది. "నీ సంగతి నాకు మొదటి ఏడే తెలుసు. ఆయన మేజోళ్ల మడమల దగ్గర సన్నకుట్టు చూశాను. మగవాడు అంత సన్నంగా కుట్టుకోడు."

"తెలిసి ఊరుకున్నావా?"

"ఊరుకోలేదు. కుట్టంతా విప్పి మళ్లీ కుట్టి పంపాను."

"ఆ మోటకుట్టు నీదా? ఏటా పండగ వెళ్లగానే నేను కూర్చుని విప్పేదాన్ని. ఆయన చేతకానితనం అనుకున్నాను."

"నా చేతకానితనమే అనుకో" అంది లోషీ. మళ్లీ నమలడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం కాంటన్ వకీలు లేచాడు. ఈ పల్లెటూరి ఆడది కూలికి వచ్చిన సాక్షి అన్నాడు. తెల్లదారం ఎవరైనా అల్లుకోవచ్చు. ముద్దాయి భార్యనని మొదట చెప్పింది తలదువ్వే మనిషి. నిజంగా పెద్దభార్య ఒకతె ఉంటే, చిన్నది ఆమెకు మోకరించి టీ ఇచ్చి ఉండాలి కదా, ఇచ్చిందా అని అడిగాడు.

గడ్డం దొర గడ్డం నిమురుకుని దుబాసీ చేత అడిగించాడు. "నువ్వు ఈమెకు టీ ఇచ్చావా?"

"లేదు. ఈమె ఉన్నట్టే నాకు తెలియదు."

"ఇప్పుడు తెలిసింది. ఇస్తావా?"

టీ ఇవ్వడమంటే ఏమిటో ఆ దొరకు తెలుసు, అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. సాక్షుల ముందు మోకరించి ఇచ్చిన టీ పెద్దభార్య ఒక్క గుక్క తాగిందంటే ఇక వెనక్కి తిరగదు. చచ్చేదాకా ఆమె వెనకే నడవాలి, చచ్చాక ఆమె పేరు కిందే పేరు రాయించుకోవాలి. కూలికి వచ్చిన మనిషికి ఏ ఆడదీ అలా మోకరించదు. సామ్‌ముయి లాంటిది అసలే మోకరించదు. గడ్డం దొర అందుకే అడిగాడు. ఆ టీ ఏ ప్రమాణం కంటేనైనా గట్టిదని అతనికి తోచింది.

"దొరగారు సోమవారానికి వాయిదా వేశారు. బలవంతం లేదంటున్నారు" అన్నారు యూగారు. తర్వాత మెల్లగా, "ఆలోచించుకో అమ్మా" అని తన మాటగా చేర్చారు.

సామ్‌ముయి ఆలోచించింది. ఎటునుంచి చూసినా ఒకటే కనిపించింది. టీ ఇస్తే మనిషి దక్కుతాడు, మొగుడు దక్కడు. ఇవ్వకపోతే మొగుడనే పేరు దక్కుతుంది, మనిషి తల కాంటన్‌లో రాలుతుంది. పెళ్లికూతుళ్ల తల్లులు అప్పుడే మొహం చాటేయడం మొదలుపెట్టారు. ఆ వారం పిలిచిన ఇంటివాళ్లే వచ్చి, ముహూర్తం మారిందని చెప్పి వెళ్లారు. ముహూర్తం మారలేదని, వేరే మనిషిని పిలిచారని ఆమెకు తెలుసు.

ఆదివారం ఉదయం షెడ్డులో, సగం కట్టిన పడవ పక్కన, మేస్త్రమ్మ చాప వేసింది. రేవు పెద్దలు నలుగురు సాక్షులుగా కూర్చున్నారు. లోషీ కుర్చీలో కూర్చుంది. ఆమె కూడా హాయిగా లేదు, కుర్చీ అంచున ఆనీ ఆనకుండా కూర్చుంది. సామ్‌ముయి నీళ్లు తెర్లించి, కావాలనే చల్లారనివ్వకుండా కప్పులో పోసింది. మోకాళ్లు వంచడానికి కొంత సేపు పట్టింది. రెండు చేతులతో కప్పు పట్టుకుని తల వంచింది.

"అనాల్సిన మాట అను" అంది మేస్త్రమ్మ.

"అక్కా, టీ తీసుకో."

ఆ 'అక్కా' అన్నది గొంతులో చేపముల్లులా అడ్డుపడి వచ్చింది. లోషీ కప్పు అందుకుని, పొగలు కక్కుతున్న టీని కనురెప్ప కూడా కదపకుండా తాగింది. కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి.

"టీ బాగుంది. కాస్త వేడి ఎక్కువ, నీలాగే" అంది.

జనం నవ్వారు. లోషీ తన తలలోంచి వెండి పిన్ను తీసి, ఆనవాయితీ ప్రకారం సామ్‌ముయి ముడిలో గుచ్చింది. పొలంపని చేతులు, గురి తప్పి నెత్తికి గుచ్చుకుంది. కావాలని గుచ్చిందో చేతకాక గుచ్చిందో సామ్‌ముయికి ఎప్పటికీ తేలలేదు.

సోమవారం మేస్త్రమ్మా రేవు పెద్దలూ వచ్చి చూసింది చూసినట్టు చెప్పారు. గడ్డం దొర శ్రద్ధగా విన్నాడు. తీర్పు చెప్పబోతుండగా బయట పల్లకీ ఆగింది. కొండమీది గవర్నరు మేడనుంచి సెక్రటరీ దొర దిగాడు. ముద్దాయిల వైపునుంచి కాదు, వకీళ్ల వైపునుంచీ కాదు, తిన్నగా మేజిస్ట్రేటు కూర్చునే తలుపులోంచి లోపలికి వచ్చి, పక్కన కుర్చీ వేయించుకుని, చెవిలో మాట్లాడటం మొదలుపెట్టాడు.

గడ్డం దొర చెవి పక్క అంతకంతకూ ఎర్రబడింది. చివరికి పైకే ఏదో అన్నాడు. కోర్టు అంతా యూగారి వైపు చూసింది. ఆయన తన గోళ్లు చూసుకుంటూ నిలబడ్డారు.

"ఏమన్నాడండీ?" అంది సామ్‌ముయి.

"అది నీకోసం అన్న మాట కాదమ్మా" అన్నారాయన. పక్కనున్న మేస్త్రి ఊరుకోక మళ్లీ అడిగితే, పెదవులు కదపకుండా చెప్పారు. "కేసు వినేది ఈ బల్లా, కొండా అంటున్నారు."

తర్వాత గడ్డం దొర తీర్పు చెప్పాడు. ఈ మనిషి కామ్ తాక్‌హింగ్, హో సై అని రుజువు కాలేదు, విడిచిపెట్టండి అన్నాడు. సంకెళ్లు తీశారు. తాక్‌హింగ్ మణికట్లు రుద్దుకుంటూ బయటికి వచ్చి, మెట్లమీద ఇద్దరు ఆడవాళ్లనూ చూసి, ఎటు నడవాలో తెలియక మధ్యలో ఆగిపోయాడు. సామ్‌ముయి అతని కాళ్లనే చూస్తోంది. ఏ కాలు ముందు కదులుతుందో, ఎటు కదులుతుందో చూడాలి. ఆ సంగతి తేలకముందే వెనకనుంచి తలపాగాల పోలీసులు వచ్చి అతన్ని మళ్లీ పట్టుకున్నారు. అదే మనిషి, అదే నేరం, కొత్త వారంటు. కొండమీదినుంచి వచ్చింది.

"విడిచిపెట్టారు కదండీ" అని సామ్‌ముయి యూగారి చొక్కా పట్టుకుంది.

"ఈయన విడిచిపెట్టారు. పైవాళ్లు విడిచిపెట్టలేదు." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "గవర్నరుగారికి కాంటన్ పెద్దాయనతో ఏదో బేరం నడుస్తోంది. సరుకు పడవల తనిఖీ విషయం. మీ ఆయన ఆ బేరంలో కొసరు. బేరం కుదరాలంటే కొసరు వెయ్యాలి కదమ్మా."

మర్నాటి విచారణ నాటికి గడ్డం దొర లేడు. రేవు సుంకాల ఆఫీసుకు మార్చారట. ఆ కుర్చీలో సైన్యంనుంచి వచ్చిన కొత్త దొర కూర్చున్నాడు. నున్నగా గీసిన మొహం, మన మాట ఒక్కటీ రాదు. సెక్రటరీ దొర పక్క కుర్చీ మాత్రం అక్కడే ఉంది, అందులో ఆయనా ఉన్నాడు.

లోషీ చెప్పింది. సామ్‌ముయి చెప్పింది. కొత్త దొర ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి, దుబాసీతో విసుగ్గా ఏదో అన్నాడు.

"మా చట్టంలో మగవాడికి భార్య ఒక్కతే అంటున్నారు" అన్నారు యూగారు. "ఇద్దరి మాటా కుదరదట. మోక్ సామ్‌ముయీ, దొరగారు నిన్నే అడుగుతున్నారు. మీలో భార్య ఎవరు?"

రాసుకునేవాడు కలం సిరాలో ముంచాడు.

ఇన్నేళ్లుగా ఈ ప్రశ్న ఎవరైనా అడగాలని సామ్‌ముయి ఎదురుచూసింది. పదిమంది ముందు, దొరల ముందు, రాసుకునే వాళ్ల ముందు. ఒక్క మాట అంటే చాలు. టీ సంగతి ఈ దొరకు తెలియదు. తెల్లవాళ్ల పుస్తకంలో తను భార్య అని రాస్తారు, పక్కనున్న పొడుగాటిది ఎవరూ కాకుండా పోతుంది. రేపు పెళ్లికూతుళ్ల తల్లులు మళ్లీ గుమ్మంలోకి వస్తారు. 'నేనే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది.

అప్పుడు కాంటన్ వకీలు కనిపించాడు. బల్లమీదికి ఒరిగి, నోరు కొంచెం తెరిచి, ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. తనూ ఎదురుచూస్తున్నాడు, అదే మాట కోసం. తను భార్య అయితే లోషీ అబద్ధం. లోషీ అబద్ధమైతే శవపేటిక అబద్ధం. పేటిక అబద్ధమైతే అతను హో సై.

"ఆమే" అంది సామ్‌ముయి. "నేను ఆమెకు టీ ఇచ్చినదాన్ని."

యూగారు తర్జుమా చేశారు. కొత్త దొర టీ ఏమిటని అడిగాడు. ఆయన వివరించబోతే చెయ్యెత్తి ఆపి, సెక్రటరీ దొర వైపు చూసి, ముందే రాసి ఉన్నది చదివినట్టు చదివాడు. భార్య మొగుడి తరపున చెప్పేదే చెబుతుంది కనుక ఆమె మాటకు విలువ లేదు. రెండో ఆమె తానే ఒప్పుకున్నట్టు అతనికి ఏమీ కాదు కనుక ఆమె మాటకూ విలువ లేదు. ముద్దాయిని కాంటన్‌కు అప్పగించండి.

సామ్‌ముయి బోను కొయ్య పట్టుకుని అక్కడే ఉండిపోయింది. లోషీ వచ్చి ఆమె చేతికింద చెయ్యి వేసింది. సామ్‌ముయి విదిలించుకోలేదు, అలాగని ఆనుకోనూ లేదు.

అప్పగించే రోజు పోలీసు రేవులో కాంటన్ పడవ ఆగి ఉంది. తాక్‌హింగ్ కోసం సామ్‌ముయి తెల్లవారకముందే లేచి బాతుగుడ్లు ఉడికించి, అన్నంలో ఉప్పుచేప పెట్టి, ఉతికిన చొక్కా మడిచి తెచ్చింది. లోషీ ఒట్టి చేతులతో వచ్చింది, ఆమెకు ఇక్కడ పొయ్యి ఎక్కడిది. అంచులో నిలబడ్డ తలపాగా పోలీసు, పక్కనున్న కాంటన్ గుమాస్తా చెప్పింది విని, వేలు ఒకటి చూపించాడు. ఒక్కరే పడవలోకి వెళ్లాలి. భార్య మాత్రమే.

"నేను..." అని ముందుకు వేసిన అడుగు సామ్‌ముయి తనే వెనక్కి తీసుకుంది. కోర్టులో నలుగురూ వినేలా తనే చెప్పింది కదా. గుమాస్తా అక్కడ ఉన్నవాడే.

మూట లోషీ చేతిలో పెట్టింది. "గుడ్లు ముందు తినమను. చొక్కా కుడి చంకలో బిగుతు, తొందరపడి లాగొద్దను."

"చెబుతాను."

"నేను చేశానని చెప్పు."

లోషీ ఆమెను ఒకసారి చూసి, పలక మీదుగా పడవలోకి నడిచింది. సామ్‌ముయి గట్టుమీద నిలబడింది. పడవ గదిలోపల ఏమవుతోందో కనిపించదు. ఇప్పుడు గుడ్డు పెంకు ఒలుస్తూ ఉంటుంది. ఇప్పుడు చొక్కా తొడుగుతూ ఉంటుంది, బటన్లు పెడుతూ ఉంటుంది, అతని మెడ దగ్గర ఆ పగిలిన వేళ్లు. చావబోయే మనిషి దగ్గర కూడా ఇలా కుళ్లుకుంటున్నానేమిటని తనను తాను తిట్టుకుంది. తిట్టుకుంటూనే పడవ కిటికీ వైపు మెడ సాచింది.

వేళయిందని పడవవాళ్ల కేక వినిపించింది. లోషీ బయటికి వచ్చింది. మూట లేదు. పలక దిగి గట్టుమీదికి వచ్చి, సామ్‌ముయి ముందునుంచి నడిచి వెళ్లి, కొంచెం దూరంలో సముద్రం వైపు మొహం పెట్టి నిలబడింది. ఏడవడం లేదు. పెదవులు బిగించి ఉన్నాయి, ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"తిన్నాడా?" అంది సామ్‌ముయి.

"తిన్నాడు."

"ఏమన్నాడు?"

పడవవాళ్లు తాళ్లు విప్పుతున్నారు.

"అక్కా, ఏమన్నాడు?"

"ఏమన్నాడో నీకెందుకు. నేను భార్యను, నాతో అన్నాడు" అంది లోషీ. గొంతులో మంట దాగలేదు. మొహం ఇంకొంచెం అటు తిప్పుకుంది.

ఆ మొహం సామ్‌ముయికి బాగా తెలుసు. చేపల కొట్టు దగ్గర, వరండాలో, షెడ్డులో చాపమీద, ఇన్నేళ్లూ తాను మోసిన మొహమే అది. దాన్ని ఇంకొకరి మీద చూడటం ఇదే మొదటిసారి. కనుక అతను లోపల ఎవరి గురించి అడిగాడో ఆమెకు చెప్పనక్కరలేకపోయింది.

పడవ గట్టు వదిలింది. సామ్‌ముయి ఇక ఏమీ అడగలేదు. వెళ్లి లోషీ పక్కన, ఒక అడుగు వెనకగా నిలబడింది.